గంజాయి కేసుల చట్టం మారాలంటే మనం ఏం చేయాలి? జిల్లా అర్జీ నుంచి పార్లమెంటు దాకా

"మా ఊరి కుర్రాడు గంజాయి మూట మోస్తూ దొరికాడు. ఏడాదిన్నర అయింది, బెయిల్ రాలేదు. మూట ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఈ చట్టం మార్చమని ఎవరికి రాయాలండీ?"

నర్సీపట్నం వైపు నుంచి, భద్రాచలం వైపు నుంచి నన్ను ఇదే అడుగుతున్నారు. హైదరాబాద్ హాస్టళ్ళలో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్‌ను కాదు. పారా లీగల్ వాలంటీరుగా తిరుగుతూ, అర్జీలు రాస్తూ, అవి ఎక్కడ ఆగిపోతున్నాయో చూస్తూ నేర్చుకున్న సంగతులివి.

ముందుగా రెండు మాటలు. మీ ఇంట్లో మనిషి ఇప్పుడు జైల్లో ఉంటే ముందు చేయాల్సింది వేరే పని. 15100కు ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత లాయర్‌ను అడగండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆ హక్కుంది. చట్టం మారేదాకా ఆ కేసు ఆగదు. రెండోది, గంజాయి మంచిదని నేను చెప్పడం లేదు. దానివల్ల చదువు పాడై, మతి చెడిన పిల్లలను చూశాను. ఆ పిల్లలకు జైలు మందు కాదన్నదే నా బాధ.

చట్టం గురించి ఈ మాత్రం తెలిస్తే చాలు

ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాలు, మత్తు పదార్థాల మీద ఉన్న కేంద్ర చట్టం) 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. 1989లో దాన్ని బాగా బిగించారు. 2001లో దొరికిన సరుకు బరువును బట్టి శిక్ష వేసే పద్ధతి తెచ్చారు. గంజాయి విషయంలో కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే అందరూ అనే కమర్షియల్ క్వాంటిటీ. కమర్షియల్ అయితే కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠంగా 20 ఏళ్ళు జైలు, లక్షకు తగ్గని జరిమానా. ఆ పదేళ్ళను తగ్గించే అధికారం జడ్జికి కూడా లేదు. పైగా సెక్షన్ 37 ఉంది. ముద్దాయి నేరం చేయలేదనుకోవడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్ళీ చేయడని కోర్టు నమ్మితేనే బెయిల్. విచారణ మొదలవకముందే అంత నమ్మకం కలిగించడం మామూలు కూలివాడి లాయర్‌కు ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇప్పుడు 19 కిలోలు మోసినవాడిని, 21 కిలోలు మోసినవాడిని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటివాడికి కనీస శిక్ష లేదు, సెక్షన్ 37 కూడా అడ్డురాదు. రెండోవాడికి నేరం రుజువైతే పదేళ్ళు తప్పవు. ఆ రెండు కిలోలూ అతనివి కావు, తూకం వేసిందీ అతను కాదు. డబ్బు పెట్టినవాడు ఆ దారిలో ఎక్కడా కనిపించడు.

కేవలం తాగి దొరికితే సెక్షన్ 27. గంజాయికి ఆరు నెలల వరకు జైలు గానీ, 10 వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. ఇదే చట్టంలో సెక్షన్ 64ఏ కూడా ఉంది. వాడకం కేసులో గానీ, స్వల్ప పరిమాణం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స చేయించుకుంటే అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ ఉందని నేను చెబితే ఆశ్చర్యపోయిన లాయర్లు కూడా ఉన్నారు.

ఏమేం కావాలి

- ముగ్గురు నుంచి ఐదుగురు మనుషులు. వారిలో ఒకరైనా ఈ వ్యసనం వల్ల ఇంట్లో దెబ్బతిన్నవారు ఉండాలి. ఎందుకో 4వ మెట్టులో చెబుతాను.
- ఎన్‌డీపీఎస్ చట్టం తాజా ప్రతి. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- ఒక లావుపాటి నోట్‌బుక్. ఏ తేదీన ఎవరికి ఇచ్చారు, ఇన్‌వర్డ్ నెంబరెంత, జవాబెప్పుడొచ్చింది అన్నీ అందులోనే.
- ఆర్టీఐ ఫీజుకు పోస్టల్ ఆర్డర్లు, స్పీడ్ పోస్టుకు, జిరాక్సులకు కొంచెం డబ్బు. ఇంతకు మించి ఖర్చు లేదు.
- కనీసం ఏడాది ఓపిక.

1. ఒక్క కోరికే ఎంచుకోండి

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మేము మొదట రాసిన వినతిపత్రంలో పదకొండు డిమాండ్లున్నాయి. కనీస శిక్ష తీసేయాలి, బెయిల్ ఇవ్వాలి, పునరావాసం కావాలి, పోలీసుల మీద విచారణ జరగాలి, ఇలా నాలుగు పేజీలు. "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని ఒక్క లైను జవాబొచ్చింది. ఎవరికి పంపారో, ఏ చర్యో లేదు. అందులో సగం ఆ ఆఫీసు చేతిలో లేని పనులేనని తర్వాత తెలిసింది.

దీనికి విరుద్ధంగా జరిగిన కథ ఒకటి చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. 1985 చట్టం దెబ్బ క్యాన్సర్ రోగులకు కూడా తగిలింది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కూడా ఇదే చట్టం కిందికి వస్తుంది. దాన్ని తెప్పించుకోవడానికి ఒక్కో ఆస్పత్రి వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు తీసుకోవాల్సి వచ్చేది. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరేది. రోగులు నొప్పితోనే పోయేవారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి ఒక్కటే అడిగారు: నొప్పి మందుకు లైసెన్సు సులభం చేయండి. మత్తుమందుల విధానమంతా మార్చమని వాళ్ళు అడగలేదు. ప్రభుత్వ శాఖలకు రాశారు, కోర్టుకు వెళ్ళారు, రోగుల కుటుంబాలు మాట్లాడాయి. చివరికి 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. కఠినమైన చట్టమే, అయినా పౌరులు అడిగితే కదిలింది. కోరిక చిన్నది, నొప్పి అందరికీ అర్థమయ్యేది. కదలడానికి కారణం అదే.

మీరు ఎంచుకోదగ్గ కోరికలు నాలుగు:

క) జిల్లాలో సెక్షన్ 64ఏను నిజంగా అమలు చేయాలి. కొత్త చట్టం అక్కర్లేదు.
ఖ) సొంత వాడకానికి స్వల్ప పరిమాణంతో దొరికినవారిని జైలుకు కాకుండా చికిత్సకు పంపేలా చట్టం మార్చాలి.
గ) కమర్షియల్ కేసుల్లో మూట మోసినవాడికీ వ్యాపారం నడిపినవాడికీ మధ్య తేడా చూసే అధికారం జడ్జికి ఇవ్వాలి.
ఘ) సెక్షన్ 37 బెయిల్ షరతులను, కనీసం మొదటిసారి దొరికిన మోతకూలీల విషయంలో, సడలించాలి.

మొదటిసారి చేస్తున్నవాళ్ళు (క)తో మొదలుపెట్టండని నా సలహా. ఆరు నెలల్లో ఏదో ఒక ఫలితం కనిపిస్తుంది, ఆ లెక్కలే తర్వాత (ఖ)కు ఆధారమవుతాయి. ఏజెన్సీ మండలాల వాళ్ళకైతే (గ) ముఖ్యం.

సరిచూసుకోండి: మీ కోరికను ఒక్క వాక్యంలో పక్కింటి ఆవిడకు చెప్పండి. మర్నాడు మళ్ళీ ఆమెనే అడగండి. ఆమె అదే మాట తిరిగి చెప్పగలిగితే కోరిక కుదిరినట్టు. "గంజాయి లీగల్ చేయమంటున్నారు కదా" అంటే మళ్ళీ రాయండి.

2. తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకోండి

ఈ చట్టాన్ని చూసే శాఖ కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలోని రెవెన్యూ విభాగం. చాలామంది హోం శాఖకు రాసి ఊరుకుంటారు. హోం శాఖ కింద ఉన్నది నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో, అది దాడులు, దర్యాప్తు చూస్తుంది. డీఅడిక్షన్ కేంద్రాలు, నషా ముక్త్ భారత్ కార్యక్రమం సామాజిక న్యాయ శాఖవి. 2021లో ఈ శాఖే, సొంత వాడకానికి దొరికినవారిని జైలుకు పంపకుండా చికిత్సకు పంపాలని రెవెన్యూ విభాగానికి సూచించినట్టు పత్రికల్లో వచ్చింది. (ఖ) ఎంచుకున్నవారు దీన్ని తప్పక ప్రస్తావించాలి. ప్రభుత్వంలోనే ఒక శాఖ ఇలా ఆలోచించిందంటే వినేవారికి భయం తగ్గుతుంది.

పోలీసులు, జైళ్ళు, ఆస్పత్రులు రాష్ట్రం చేతిలో ఉన్నాయి. కాబట్టి (క) రాష్ట్రానికి, జిల్లాకు పోతుంది. (ఖ), (గ), (ఘ) ఢిల్లీకి పోతాయి.

జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన, మత్తుమందుల కట్టడిపై శాఖలను కలిపే ఎన్‌కార్డ్ కమిటీ సమావేశాలు జరుగుతాయి. పోలీసు, ఎక్సైజ్, ఆరోగ్య శాఖల వాళ్ళంతా ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అదొక్కటే. ఆ కమిటీని గుర్తుపెట్టుకోండి.

3. మీ జిల్లా లెక్కలు తీయండి

దేశం లెక్కలు చెబితే ఎవరూ కదలరు. ఎయిమ్స్ నిపుణుల సర్వే 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 3.1 కోట్ల మంది ఏడాది కాలంలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడారు. అందరినీ అరెస్టు చేయడం ఏ ప్రభుత్వం వల్లా కాదని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు. మిగతావన్నీ మీ జిల్లావే కావాలి.

ఆర్టీఐ అర్జీ ఇలా రాయండి. జిల్లా ఎస్పీ కార్యాలయ పౌర సమాచార అధికారికి:

"1) గత 3 సంవత్సరాలలో, సంవత్సరం వారీగా, జిల్లాలో ఎన్‌డీపీఎస్ చట్టం కింద నమోదైన కేసుల సంఖ్య. స్వల్ప, మధ్యస్థ, వాణిజ్య పరిమాణం కేసులు విడివిడిగా.
2) వాటిలో సెక్షన్ 27 మాత్రమే పెట్టిన కేసులు, అరెస్టయిన వ్యక్తుల సంఖ్య.
3) అరెస్టయినవారిలో 18 నుంచి 25 ఏళ్ళ వయసు వారి సంఖ్య, షెడ్యూల్డ్ తెగల వారి సంఖ్య.
4) సెక్షన్ 64ఏ గురించి పోలీస్ స్టేషన్లకు జారీ చేసిన సర్క్యులర్లు, ఆదేశాల ప్రతులు."

జైలు సూపరింటెండెంట్‌కు: ఈ చట్టం కింద ఉన్న విచారణ ఖైదీలు ఎంతమంది, ఆరు నెలలు, ఏడాది, రెండేళ్ళు దాటినవారు ఎంతమంది. జిల్లా ఆస్పత్రికి: డీఅడిక్షన్ వార్డులో ఎన్ని పడకలు, మంజూరైన సైకియాట్రిస్టు పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని. కలెక్టరేట్‌కు: గత ఏడాది ఎన్‌కార్డ్ సమావేశాల మినిట్స్ ప్రతులు. ఈ చివరిది చాలా పనికొస్తుంది. పట్టుకున్న కిలోల గురించి ఎంతసేపు మాట్లాడారు, చికిత్స గురించి ఎంతసేపు మాట్లాడారు అన్నది మినిట్స్ చదివితే తెలిసిపోతుంది.

ఫీజు ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, ఆపై వాటికి 10, గ్రామ స్థాయికి ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.

ఇక్కడ జరిగే తప్పులు:

- "ఎందుకు అరెస్టు చేస్తున్నారు?" అని అడగడం. ఆర్టీఐ రికార్డులో ఉన్నదే ఇస్తుంది, కారణాలు చెప్పదు. సంఖ్య అడగండి, ప్రతి అడగండి.
- నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోకు పంపడం. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతా విషయాల్లో ఆ సంస్థకు ఆర్టీఐ నుంచి మినహాయింపు ఉంది.
- ఫలానా కేసు వివరాలు అడగడం. దర్యాప్తుకు అడ్డమని తిరస్కరిస్తారు. మొత్తాలు అడిగితే ఆ అభ్యంతరం రాదు.
- విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువు పేరుతో వేయడం. ఆర్టీఐ భారత పౌరులకే.

సరిచూసుకోండి: జవాబు రాగానే ప్రశ్న నెంబరు పక్కన జవాబు నెంబరు వేసుకోండి. నాలుగు అడిగితే రెండింటికే జవాబిచ్చి ముగించడం మామూలే. మిగిలిన రెండింటికి అప్పీలు వేయండి, వదలొద్దు. ఒకవేళ అసలు ఏమీ రాకపోతే జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే నివేదికలు వాడుకోండి. అందులో సొంత వాడకం కోసం దగ్గర ఉంచుకున్న కేసులు, వ్యాపారం కోసం ఉంచుకున్న కేసులు రాష్ట్రాల వారీగా విడివిడిగా ఉంటాయి. జైళ్ళ లెక్కలు ఇంకో పుస్తకంగా వేస్తారు.

4. ముందు తల్లులతో మాట్లాడండి

పత్రం రాయకముందే ఈ పని చేయాలి. చాలామంది దీన్ని దాటేస్తారు, నాకు అదే బాధ.

మీ కోరికను గట్టిగా వ్యతిరేకించేది పోలీసులు కాదు. కొడుకు గంజాయికి బానిసై ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకున్న తల్లి. "ఇంకా కఠినంగా శిక్షించాలి, మీరేంటి తగ్గించమంటారు?" అని ఆమె అడుగుతుంది. ఆమె కోపం న్యాయమైనది. ఆమెతో వాదన పెట్టుకోకండి, కూర్చుని వినండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "మీవాడు రేపు పోలీసులకు దొరికితే ఎక్కడికి పంపాలమ్మా, జైలుకా, ఆస్పత్రికా?" నేను అడిగిన ఏ తల్లీ జైలు అనలేదు. అమ్మినవాడిని జైల్లో వేయమంటారు, తన బిడ్డను బాగుచేయమంటారు. మీ పత్రం చెప్పాల్సిందీ ఇదే. అందుకే మీ బృందంలో అలాంటివారు ఒక్కరైనా ఉండాలన్నాను. కలెక్టర్ గారి ముందు ఆవిడ మాట్లాడే రెండు నిమిషాలకు మన రెండు పేజీలు సాటిరావు.

మన్యంలో అయితే ఇంకో మాట ఉంది. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, ముంచింగిపుట్టు వైపు పోలీసులు 2021లో 'పరివర్తన' పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. తోట పోయిన ఇంటికి కాఫీ మొక్కలో, రాజ్మా విత్తనాలో అందాయా, పంట చేతికొచ్చేదాకా ఆ ఇల్లు ఎలా గడిచింది అని ఆ ఊళ్ళలోనే అడిగి రాసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం కింద మత్తు పదార్థాల నియంత్రణలో గ్రామసభకు మాట ఉంది. "మా ఊళ్ళో పెట్టుబడి పెట్టిన బయటివాళ్ళను పట్టుకోవాలి, మోతకూలీలను వేరుగా చూడాలి" అని గ్రామసభ తీర్మానం చేస్తే దానికి బరువెక్కువ. తీర్మానం రిజిస్టర్‌లో రాయించి, సంతకాలు పెట్టించి, ప్రతి తీసుకోండి. నోటిమాటగా చేసిన తీర్మానం లెక్కలోకి రాదు.

హెచ్చరిక: కేసుల్లో ఉన్నవారి కథలు చెప్పేటప్పుడు పేరు, ఊరు, ఫోటో ఏదీ వాడొద్దు. 18 ఏళ్ళలోపు వారి వివరాలు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. విచారణలో ఉన్న కేసు గురించి జడ్జికి ఉత్తరాలు అసలే రాయొద్దు.

5. ఒక్క పేజీ పత్రం రాయండి

రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మీ బాధను ఏ అధికారికైనా విన్నవించుకోవచ్చు. కాబట్టి తెలుగులోనే ధైర్యంగా రాయండి. (క) కోసం నమూనా:

"గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
విషయం: ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ జిల్లాలో అమలు గురించి.
మన జిల్లాలో గత 3 ఏళ్ళలో సెక్షన్ 27 కింద ___ మంది అరెస్టయ్యారు (సమాచార హక్కు జవాబు నెం. ___, తేదీ ___). వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు వెళితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉందని 64ఏ చెబుతోంది. దీనిపై స్టేషన్లకు ఎలాంటి సర్క్యులర్ లేదని అదే జవాబులో ఉంది. జిల్లా ఆస్పత్రిలో ___ పడకలు మాత్రమే ఉన్నాయి.
మా విజ్ఞప్తి: వచ్చే ఎన్‌కార్డ్ సమావేశంలో ఈ అంశాన్ని చేర్చి, ప్రతి స్టేషన్‌లో 64ఏ గురించి తెలుగులో బోర్డు పెట్టించాలి. చికిత్స కోరినవారిని పంపే పద్ధతిని నిర్ణయించాలి.
ఇట్లు,"

మీకొచ్చిన జవాబును బట్టి మూడో వాక్యం మార్చుకోండి. సర్క్యులర్ ఉందని వస్తే "ఉంది, కానీ ఇంతమందే వాడుకున్నారు" అని రాయండి. లేనిది ఉన్నట్టు ఒక్క అంకె రాసినా మీ మాట అక్కడితో పోతుంది.

సెక్షన్ నెంబర్లు రెండుసార్లు సరిచూసుకోండి. 2014 సవరణలో ఒక నిర్వచనం నెంబరు మారింది, దాన్ని ప్రస్తావించే సెక్షన్ 27ఏను మాత్రం మార్చడం మరిచారు. ఆ పొరపాటును సరిదిద్దడానికి 2021లో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

6. జిల్లాలో ఇవ్వండి, రసీదు తీసుకోండి

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. మీ కాపీ మీద సీలు, తేదీ, నెంబరు వేయించుకోకుండా బయటికి రావద్దు. ఒక ప్రతి ఎస్పీ గారికి, ఒకటి న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి, ఒకటి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి.

కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఇది వేయొద్దు. అది ఫిర్యాదులకే, సలహాలూ సూచనలూ తీసుకోరు. విధాన మార్పు కోరితే మూసేస్తారు, మీరేమో పని అయిందనుకుంటారు.

7. ఎంపీని ప్రశ్న అడిగించండి

ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభ సభ్యులున్నారు. రాజ్యసభలో 11, 7. "చట్టం మార్చే బిల్లు పెట్టండి" అని అడిగితే తప్పించుకుంటారు. ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టడం తేలికే, కానీ స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టమైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ప్రశ్న అడగడం ఎంపీకి చాలా సులభం, మంత్రి రాతపూర్వకంగా జవాబు చెప్పి తీరాలి. అది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది.

ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు కావాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు. సమావేశాలు మొదలవడానికి నెల ముందే, రాసి సిద్ధం చేసిన ప్రశ్నను ఎంపీ గారి పీఏ చేతికివ్వండి. ఆఫీసులో పనిచేసేవాళ్ళకు తయారుగా ఉన్న కాగితం ఇస్తేనే పని ముందుకు కదులుతుంది. ఇలా ఉండొచ్చు:

"(అ) గత మూడేళ్ళలో ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 కింద రాష్ట్రాల వారీగా అరెస్టయిన వారెందరు, (ఆ) సెక్షన్ 64ఏ కింద రక్షణ పొందిన వారెందరు, (ఇ) స్వల్ప పరిమాణంతో దొరికినవారిని చికిత్సకు పంపేలా చట్టాన్ని సవరించే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉందా, ఉంటే వివరాలు."

ఆర్థిక మంత్రికి అని రాయడం మరిచిపోవద్దు. జవాబు పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైట్‌లో వస్తుంది, దించుకుని ప్రింటు తీసి పెట్టుకోండి. "సమాచారం సేకరిస్తున్నాం" అని వస్తే నిరాశపడొద్దు. లెక్కే లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు, తర్వాతి పత్రంలో మొదటి వాక్యం అదే.

8. పార్లమెంటుకు పిటిషన్

ఇది ఎక్కువమందికి తెలియదు. ప్రజా ప్రయోజనమున్న విషయం మీద ఏ పౌరుడైనా లోక్‌సభకు పిటిషన్ ఇవ్వవచ్చు. ఎంపీ ద్వారా సభలో పెట్టించవచ్చు, అప్పుడు ఆయన సంతకం కూడా ఉండాలి. లేదా నేరుగా సెక్రటరీ జనరల్‌కు పంపవచ్చు. నియమాలు కొంచెం పట్టింపుగా ఉంటాయి:

- హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగులో రాస్తే, మీరు సంతకం చేసిన అనువాదం జతచేయాలి.
- సంతకం పెట్టిన ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా ఉండాలి. వేలిముద్ర చెల్లుతుంది.
- భాష మర్యాదగా ఉండాలి. చివర్లో సరిగ్గా ఏం కోరుతున్నారో స్పష్టంగా రాయాలి.
- ఉత్తరాలు, అఫిడవిట్లు, వేరే కాగితాలు ఏవీ జతచేయకూడదు. ఆర్టీఐ జవాబుల కట్ట పెడితే అదే తిరస్కారానికి కారణమవుతుంది. అంకెలు పిటిషన్‌లోనే రాయండి.
- కోర్టులో నడుస్తున్న విషయం ఉండకూడదు.

ఆన్‌లైన్‌లో సేకరించిన లక్ష సంతకాలు ఈ నియమాల ముందు చెల్లవు. చిరునామాలతో కాగితం మీద తీసుకున్న రెండు వందలు చెల్లుతాయి. ఆన్‌లైన్ సంతకాలు పత్రికల దృష్టికి తేవడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఇదంతా జరుగుతుండగా కేంద్రం ముసాయిదా ఏదైనా బయటపెడితే సాధారణంగా 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలన్నది 2014 నుంచి ఉన్న విధానం. బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) వెళితే పత్రికల్లో ప్రకటన వస్తుంది, గడువు తక్కువ. మీ పేజీ సిద్ధంగా ఉంటే ఆ రోజే పంపవచ్చు. ఒక జాగ్రత్త: బిల్లు పూర్తిగా చదవండి. మార్ఫిన్‌ను సులభం చేసిన ఆ 2014 సవరణే స్వల్ప పరిమాణానికి గరిష్ఠ శిక్షను ఆరు నెలల నుంచి ఏడాదికి పెంచింది. మంచి వార్త వచ్చిందని సంబరపడేలోపు ఇంకో మూల ముడి బిగిసింది.

కోర్టుకు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, కానీ దాన్ని మొదటి దారి చేసుకోవద్దు. కోర్టులు చట్టాన్ని తిరగరాయవు, అంచులు సరిచేస్తాయి. ఈ చట్టంలో అప్పట్లో ఉన్న తప్పనిసరి మరణశిక్షను 2011లో బాంబే హైకోర్టు ఒప్పుకోలేదు. ఈ చట్టం కింద అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఒప్పుకోలుగా వాడకూడదని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ విపరీతంగా ఆలస్యమైతే సెక్షన్ 37 ఉన్నా బెయిల్ ఇవ్వవచ్చని 2023లో చెప్పింది. ఆ చివరి తీర్పు గురించి జైళ్ళలో ఉన్నవారి కుటుంబాలకు చెప్పడం పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయడం కంటే ముందు చేయాల్సిన పని. ఓడిపోయిన పిల్ మీ దారికి ఏళ్ళ తరబడి అడ్డంగా నిలుస్తుంది.

పని చెడగొట్టే మాటలు, చేతలు

శివరాత్రికి భంగు తాగుతారు కదా అన్న వాదన తేవద్దు. చట్టం నిర్వచనంలో గంజాయి అంటే పూత, కాయలతో ఉన్న కొనలు. విడి ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. అంటే ఆ వాదన మీ కోరికకు సంబంధించినదే కాదు. హిమాచల్, ఉత్తరాఖండ్‌ల హెంప్ (నార కోసం పెంచే గంజాయి జాతి) సాగు గురించి కూడా అంతే. అది పంట సంగతి, శిక్ష సంగతి కాదు. పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి దొరికినవారిని జైలుకు పంపడం మానేసిందని ఒక్క వాక్యం చెప్పండి చాలు. అమ్మకం అక్కడ ఇప్పటికీ నేరమేనని రెండో వాక్యంలో వెంటనే చెప్పండి.

"అంతర్జాతీయ ఒప్పందాలు ఒప్పుకోవు" అని అధికారులు అంటారు. వాడేవారికి శిక్షకు బదులు చికిత్స ఇవ్వవచ్చని, 1972లో సవరించిన 1961 ఐక్యరాజ్య సమితి మత్తుమందుల ఒప్పందంలోనే ఉందని మర్యాదగా చెప్పండి.

గంజాయి మొక్క పట్టుకుని ఫోటోలు, ఆకు బొమ్మల టీషర్టులు వద్దు. చట్టం మార్చమని అడగడం నేరం కాదు, కానీ అలాంటి ఒక్క ఫోటోతో మీ ఉద్యమం మొత్తం అనుమానంలో పడుతుంది. పోలీసులను తిట్టొద్దు. కొండల్లో రాత్రంతా కాపు కాసి చివరికి మోతకూలీనే పట్టుకోవాల్సి వస్తోందని బాధపడే కానిస్టేబుళ్ళు ఉన్నారు. వాళ్ళతో మాట్లాడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు డబ్బు పంపుతామంటే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారిది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకుంటే కేసు మీ మీద పడుతుంది. ఈ పనికి అంత డబ్బు అవసరమే లేదు.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

మూడు నెలలకు: ఎన్‌కార్డ్ మినిట్స్ మళ్ళీ అడగండి. మీ అంశం ఒక్క లైనుగానైనా కనిపిస్తే కదిలినట్టు. లేకపోతే మీ అర్జీ ఏమైందో, ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుందో చెప్పే ఫైలు నోట్ ప్రతిని ఆర్టీఐలో అడగండి. ఈ ఒక్క అర్జీకి ఫైళ్ళు కదలడం చాలాసార్లు చూశాను.

ఆరు నెలలకు: మీ ఊరి స్టేషన్‌కు వెళ్ళి 64ఏ బోర్డు ఉందో లేదో కళ్ళారా చూడండి. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి మీ జిల్లాలో ఎక్కడికి పంపుతారో అడగండి. వాళ్ళు చెప్పిన చోటుకి వెళ్ళి డాక్టర్ ఉన్నారో లేరో చూసి తేదీతో నోట్‌బుక్‌లో రాయండి.

ఏడాదికి: మొదటి ఆర్టీఐలోని నాలుగు ప్రశ్నలనే, ఒక్క పదం కూడా మార్చకుండా, అదే కార్యాలయానికి మళ్ళీ వేయండి. ప్రశ్న మారితే రెండు జవాబులను పోల్చలేం. రెండింటినీ పక్కపక్కన ఒకే కాగితం మీద వేసి, ఆ కాగితంతో 7వ మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.